మెయిన్‌ఫ్రేమ్‌లో ఏ ప్రోగ్రామ్ ఎవరు నడపాలి: ఏ కంట్రోల్ ఎవరికి సరిపోతుంది

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి వెళ్ళి హైదరాబాద్, విశాఖ, భువనేశ్వర్ కంపెనీల్లో మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల్లాంటివి వాడే పెద్ద కంప్యూటర్) సపోర్ట్ చేస్తున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు, సొంత ఊళ్ళో ఇంటి నుంచి షిఫ్టులు చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, ఆడిట్‌లో ఫలానా ప్రోగ్రామ్ అందరూ నడపగలుగుతున్నారని రాశారు, ఆపమంటున్నారు, ఎలా ఆపాలి?"

ఆపడానికి జెడ్/ఓఎస్‌లో, అంటే మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, దారులు చాలా ఉన్నాయి, చిక్కంతా అక్కడే. ప్రోగ్రామ్ క్లాస్ అని ఒకరంటారు, ప్యాడ్స్ అని ఇంకొకరు, ఎగ్జిట్ (సిస్టమ్ మధ్యలో పిలిచే మన సొంత కోడ్) రాసేద్దాం అని పాతకాలపు సిస్టమ్స్ ప్రోగ్రామర్. ఒక్కొక్కటి ఏమిటో కింద చెబుతాను. అన్నీ పనిచేస్తాయి, కానీ అన్నీ ఒకే పని చెయ్యవు. ఆడిటర్ రిపోర్టులో ప్రోగ్రామ్ పేరు మాత్రమే ఉంటుంది. మీరు నిజంగా కాపాడాల్సింది ఆ ప్రోగ్రామ్‌నా, అది తాకే డేటానా, లేక అది చేసే ప్రమాదకరమైన పనినా అన్నది మీరే తేల్చుకోవాలి. ఇది తేలకుండా పేరు మీద తాళం వేస్తే ఆడిట్ పాయింట్ మూతపడుతుంది గానీ డేటా ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. నాకు బాధ కలిగించే సంగతి ఇదే, ఎందుకంటే ఆ డేటా ఎవరో ఒకరి జీతం, ఎవరో ఒకరి పెన్షన్.

ముందు ఏం చూడాలి

మొదటిది పైన చెప్పిందే: ప్రోగ్రామా, డేటానా, పనా.

రెండోది, పక్కదారి. మనిషి ఆ ప్రోగ్రామ్‌ని తన లైబ్రరీలోకి కాపీ చేసుకుని పేరు మార్చి నడిపితే మీ కంట్రోల్ నిలబడుతుందా? సగం డిజైన్లు ఈ ప్రశ్న దగ్గరే పడిపోతాయి.

మూడోది, ఆ ప్రోగ్రామ్ ఎక్కడ నడుస్తుంది. బ్యాచ్‌లోనా (మనిషి ముందు లేకుండా నడిచే జాబుల్లో), టీఎస్‌ఓలోనా (యూజర్ లాగాన్ అయి కమాండ్లు కొట్టే చోట), సీఐసీఎస్ లోపలా (ఆన్‌లైన్ ట్రాన్సాక్షన్లు నడిపే చోట)? బ్యాచ్‌లో చక్కగా పనిచేసే కంట్రోల్ సీఐసీఎస్‌లో అసలు ఎదురే పడకపోవచ్చు.

నాలుగోది రాత్రి రెండింటికి జాబ్ పడిపోతే సరిచేసేది ఎవరు అన్నది. ఇది మన వైపు వాళ్ళకి చిన్న విషయం కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో ఇక్కడ అందరికీ తెలుసు. కరెంటూ సిగ్నలూ పోయిన ఊళ్ళో ఉన్న ఒక్క మనిషి చేతిలోనే పర్మిషన్ ఇచ్చే అధికారం ఉంటే అవతల బ్యాంకు బ్యాచ్ ఆగిపోతుంది. కాబట్టి ఏ దారి పట్టినా, దాన్ని తాత్కాలికంగా వదులు చెయ్యడం ఎంత తేలికో, ఆ పని ఇంకెంతమందికి తెలుసో ముందే లెక్క చూసుకోవాలి.

ఇక ఆడిటర్‌కి చూపించే లాగ్. ర్యాక్‌ఎఫ్ (ఎవరికి ఏ హక్కుందో చూసే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్) తనే కంట్రోల్ చేస్తే ఎస్‌ఎంఎఫ్ (సిస్టమ్ లాగ్) టైప్ 80 రికార్డులు వస్తాయి. మీరు సొంతంగా రాసిన ఎగ్జిట్ అయితే లాగ్ కూడా మీరే రాసుకోవాలి.

| దారి | దేన్ని కాపాడుతుంది | కాపీ చేసి పేరు మారిస్తే | ఎక్కడ పనికొస్తుంది | మెయింటెనెన్స్ |
|---|---|---|---|---|
| ప్రోగ్రామ్ క్లాస్ | ఫలానా లైబ్రరీలోని ఫలానా పేరుని | తప్పించుకోవచ్చు, ఏపీఎఫ్ (సిస్టమ్ స్థాయి ప్రత్యేక అధికారం) అవసరమైనవి తప్ప | బ్యాచ్, టీఎస్‌ఓ | తక్కువ |
| ఎగ్జిక్యూట్ మాత్రమే | లోడ్ మాడ్యూల్ (నడపడానికి సిద్ధం చేసిన ప్రోగ్రామ్) లోపలి కోడ్‌ని | కాపీయే కుదరదు | బ్యాచ్, టీఎస్‌ఓ | మధ్యస్థం, డంప్ (ప్రోగ్రామ్ పడిపోయినప్పటి మెమరీ కాపీ) సమస్య ఉంది |
| ప్యాడ్స్ | డేటాని | కాపీ చేసినా డేటా అందదు | బ్యాచ్‌లో బాగా, టీఎస్‌ఓలో కష్టంగా | ఎక్కువ |
| ఫెసిలిటీ క్లాస్ | ప్రమాదకరమైన పనిని | కాపీకీ అదే చెక్ | ఆ ప్రొడక్ట్ చెక్ చేసే చోటల్లా | తక్కువ |
| ట్రాన్సాక్షన్, డీబీ2 (డేటాబేస్) ప్యాకేజీ | ఆన్‌లైన్ పనిని, టేబుల్ డేటాని | సంబంధం లేదు | సీఐసీఎస్, డీబీ2 | మధ్యస్థం |
| జెస్ (జాబులు తీసుకుని నడిపించేది), ఎస్‌ఎంఎఫ్ ఎగ్జిట్ | జేసీఎల్‌లో (జాబ్‌కి రాసే ఆదేశాల్లో) కనపడే పేరుని | తేలిగ్గా తప్పించుకోవచ్చు | బ్యాచ్ | చాలా ఎక్కువ |

ప్రోగ్రామ్ క్లాస్: అందరూ ముందు పట్టుకునేది

ర్యాక్‌ఎఫ్‌లో ప్రోగ్రామ్ క్లాస్ కింద ప్రొఫైల్ (ఎవరికి ఏ హక్కో చెప్పే నియమం) పెడతారు, యాడ్‌మెమ్‌లో లైబ్రరీ పేరు ఇస్తారు, యూఏసీసీ (విడిగా పర్మిట్ లేనివాళ్ళందరికీ ఉండే హక్కు) నన్ పెట్టి కావలసిన గ్రూపుకి రీడ్ పర్మిట్ ఇస్తారు, అది అమల్లోకి రావడానికి సెట్‌రాప్ట్స్ వెన్ ప్రోగ్రామ్ రిఫ్రెష్ కొడతారు. పర్మిషన్ లేనివాడు నడపబోతే ఐసీహెచ్408ఐ మెసేజ్ వస్తుంది, ఎస్306 అబెండ్ అవుతుంది, అంటే మధ్యలోనే పడిపోతుంది. కంట్రోల్ జేసీఎల్ దగ్గర కాకుండా మాడ్యూల్ లోడ్ అయ్యే దగ్గర ఉంటుంది కాబట్టి నేరుగా పిలిచినా, ఇంకో ప్రోగ్రామ్‌లోంచి పిలిచినా, టీఎస్‌ఓలో కాల్ కొట్టినా పట్టుకుంటుంది. లాభం అక్కడే ఉంది.

లోపం ఏమిటంటే ఇది పేరునీ లైబ్రరీనీ చూస్తుంది, అంతే. ఆ లైబ్రరీ మీద మనిషికి రీడ్ ఉంటే మాడ్యూల్‌ని తన లోడ్‌లిబ్‌లోకి తెచ్చుకుని పేరు మార్చి నడుపుకోవచ్చు. మరి ఎందుకు వాడాలి అంటారా? మాడ్యూళ్ళనీ డిస్క్ మీది డేటానీ నేరుగా మార్చే సూపర్‌జాప్ లాంటివి, టేపులకి లేబుల్ రాసే ఐఈహెచ్‌ఇనిట్‌టీ లాంటివి ఉన్నాయి కదా, వీటి బలం ఏపీఎఫ్ లైబ్రరీలోంచి నడవడంలో ఉంది. మామూలు యూజర్ లైబ్రరీలోకి కాపీ అయితే ఆ ఆథరైజేషన్ పోతుంది, దానితో చెయ్యాల్సిన పని ఇక చెయ్యలేదు. కాబట్టి ఏపీఎఫ్ అవసరమైన యుటిలిటీలకి ప్రోగ్రామ్ క్లాస్ చక్కగా సరిపోతుంది. మీ డెవలపర్ రాసిన మామూలు కోబాల్ ప్రోగ్రామ్‌కి మాత్రం ఇదొక్కటే పెట్టి ఊరుకోవద్దు.

అమెరికా రక్షణ శాఖకి చెందిన డీసా ప్రచురించే స్టిగ్ అనే భద్రతా చెక్‌లిస్టుల్లో సున్నితమైన యుటిలిటీలకి వేరే విభాగం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి ఆ జాబితా మంచి ఆధారం.

ఇంకో మాట: రెక్స్‌నీ సీలిస్ట్‌నీ ప్రోగ్రామ్ క్లాస్ ముట్టుకోదు. అవి లోడ్ మాడ్యూళ్ళు కావు, చదివి నడిపే టెక్స్ట్. వాటిని ఆపాలంటే ఆ డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ ఫైల్) మీద రీడ్ తీసెయ్యడమే మార్గం.

ఎగ్జిక్యూట్ మాత్రమే: నడపొచ్చు, చూడకూడదు

ఇక్కడ లైబ్రరీ మీద గానీ ప్రోగ్రామ్ మీద గానీ రీడ్ ఇవ్వకుండా ఎగ్జిక్యూట్ అనే స్థాయి ఇస్తారు. యూజర్ మాడ్యూల్‌ని నడపగలడు, కాపీ చెయ్యలేడు, లోపల ఏముందో బ్రౌజ్ చెయ్యలేడు. లైసెన్స్ ఉన్న కోడ్, వడ్డీ లెక్కించే సొంత ఫార్ములా, బయటపడకూడని లాజిక్ ఉన్న మాడ్యూళ్ళకి ఇది సరైన దారి. ప్రోగ్రామ్ క్లాస్‌తో కలిపి వాడితే కాపీ చేసి పేరు మార్చే ఎత్తు కూడా మూతపడుతుంది.

ఆన్‌కాల్‌లో ఉండేవాళ్ళు మాత్రం ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఎగ్జిక్యూట్ మాత్రమే ఉన్న ప్రోగ్రామ్ అడ్రస్ స్పేస్‌లో ఉంటే సిస్‌యూడంప్ లాంటి యూజర్ డంపులని సిస్టమ్ ఆపేస్తుంది, లేకపోతే డంప్‌లోంచి కోడ్ చదివేసుకోవచ్చు కదా. అంటే అర్ధరాత్రి అబెండ్ అయ్యాక చేతిలో డంప్ ఉండదు. ఫెసిలిటీ క్లాస్‌లో ఐఈఏఏబీడీ.డీఎంపీఆథ్ అనే ప్రొఫైల్‌తో దీన్ని కొందరికి సడలించవచ్చు, ఆ నిర్ణయం కంట్రోల్ పెట్టే రోజే తీసుకోండి. అబెండ్ అయిన రాత్రి మేనేజర్‌ని నిద్రలేపి అడిగే విషయం కాదిది.

ప్యాడ్స్: కష్టమే, కానీ డేటాకి అసలు రక్షణ

ప్యాడ్స్ అంటే ప్రోగ్రామ్ ద్వారానే డేటాసెట్‌కి యాక్సెస్. జీతాల మాస్టర్ ఫైల్ ఉంది అనుకుందాం. క్లర్కుకి దాని మీద నేరుగా ఏ హక్కూ లేదు, కానీ జీతాల అప్‌డేట్ ప్రోగ్రామ్ నడుపుతున్నప్పుడు మాత్రం అప్‌డేట్ హక్కు వస్తుంది. పర్మిట్ కమాండ్‌లో వెన్ ప్రోగ్రామ్ అని షరతు పెడతారు. టీఎస్‌ఓలో మెనూలూ ఎడిటరూ ఇచ్చే ఐఎస్‌పీఎఫ్ ఎడిట్‌లో ఆ ఫైల్ తెరవబోతే తెరుచుకోదు, ప్రోగ్రామ్‌ని వేరే పేరుతో కాపీ చేసి నడిపినా తెరుచుకోదు. అసలు ప్రశ్న డేటా అయినప్పుడు దీనికి మించిన సమాధానం ర్యాక్‌ఎఫ్‌లో లేదు.

కష్టం ఎక్కడంటే ఎన్విరాన్‌మెంట్ శుభ్రంగా ఉండాలి అన్న నియమం దగ్గర. మడి కట్టుకుని నైవేద్యం వండే వంటింట్లోకి మడి లేనివాళ్ళు ఒక్కరు అడుగుపెడితే చాలు కదా, ఇదీ అంతే. ఆ అడ్రస్ స్పేస్‌లో ప్రోగ్రామ్ ప్రొఫైల్ లేని మాడ్యూల్ ఒక్కటి లోడ్ అయినా మొత్తం ఎన్విరాన్‌మెంట్ అన్‌కంట్రోల్డ్ అయిపోతుంది, ఏ మాడ్యూల్ వల్ల అయ్యిందో ఐసీహెచ్420ఐ మెసేజ్ చెబుతుంది, ఆ తర్వాత ప్యాడ్స్ ద్వారా రావాల్సిన హక్కు రాదు. అందుకే సిస్1.లింక్‌లిబ్, కోబాల్ రన్‌టైమ్ ఉండే సీఈఈ.ఎస్‌సీఈఈరన్ లాంటి లైబ్రరీలన్నీ జెనరిక్ (చాలా మాడ్యూళ్ళకి కలిపి వర్తించే) ప్రొఫైల్ కింద యూఏసీసీ రీడ్‌తో ముందే చేర్చాలి. యాడ్‌మెమ్‌లో వాటికి నోప్యాడ్‌చెక్ ఇవ్వడం మర్చిపోకండి, ఇవ్వకపోతే ఆ సమయంలో నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్ పేరూ డేటాసెట్ షరతుల జాబితాలో ఉందా అని ర్యాక్‌ఎఫ్ వెతుకుతుంది.

బ్యాచ్‌లో ప్రతి స్టెప్ కొత్తగా మొదలవుతుంది కాబట్టి గొడవ తక్కువ. టీఎస్‌ఓలో అలా కాదు, యూజర్ పొద్దున లాగాన్ అయి ఐఎస్‌పీఎఫ్‌లో ఏవేవో టూల్స్ తెరిచి ఉంటాడు, అప్పటికే ఎన్విరాన్‌మెంట్ పాడై ఉంటుంది. దానికి టీఎస్‌ఓఎగ్జెక్ కమాండ్ ఉంది, అది విడిగా శుభ్రమైన ఎన్విరాన్‌మెంట్ తయారుచేసి అందులో ప్రోగ్రామ్ నడుపుతుంది. మీ యూజర్లు వాడే మెనూలో దాన్ని పెట్టించండి, వాళ్ళని టైప్ చెయ్యమంటే మర్చిపోతారు, టికెట్లు మీకే వస్తాయి.

ఇంకా గట్టిగా కావాలంటే ఎన్‌హాన్స్‌డ్ మోడ్ ఉంది. ఫెసిలిటీ క్లాస్‌లో ఐఆర్‌ఆర్.పీజీఎంసెక్యూరిటీ ప్రొఫైల్ అప్లడేటాలో ఎన్‌హాన్స్‌డ్ అని పెడితే, మొదట మొదలైన ప్రోగ్రామ్‌కి మెయిన్ అనే గుర్తు ఉంటే తప్ప ప్యాడ్స్ గానీ ఎగ్జిక్యూట్ గానీ పనిచెయ్యవు. నేరుగా అందులోకి దూకకండి, ఆపకుండా హెచ్చరించే వార్నింగ్ మోడ్ అనే మధ్య మెట్టు ఉంది, అక్కడ కొంతకాలం ఉండి మెసేజులు చూసుకుని అప్పుడు పైకి వెళ్ళండి.

ఫెసిలిటీ క్లాస్: చాలామందికి గుర్తురాని తేలిక దారి

కొన్ని ప్రొడక్టులు తమ ప్రమాదకరమైన పనిని తామే చెక్ చేస్తాయి. డేటాసెట్లు కాపీ చేసే ఏడీఆర్‌డీఎస్‌ఎస్‌యూ ఉంది కదా, దానిలో అడ్మినిస్ట్రేటర్ అధికారం అడిగితే ఎస్‌టీజీఅడ్మిన్.ఏడీఆర్‌తో మొదలయ్యే ప్రొఫైళ్ళు చూస్తుంది. టేప్ లేబుల్‌ని దాటి చదివే బీఎల్‌పీకి ఐసీహెచ్‌బీఎల్‌పీ ప్రొఫైల్ ఉంది. ఇలాంటిచోట మొత్తం ప్రోగ్రామ్‌ని ఆపితే రోజూ మామూలు బ్యాకప్ తీసుకునేవాళ్ళు కూడా ఆగిపోతారు. ప్రమాదకరమైన భాగాన్ని మాత్రమే ఆపితే అందరికీ పని నడుస్తుంది. ఆడిటర్ ప్రోగ్రామ్ పేరు రాసినప్పుడు మొట్టమొదట ఈ దారి ఉందేమో వెతకండి అన్నది నా సలహా.

సీఐసీఎస్, డీబీ2 అయితే

సీఐసీఎస్ లోపల ప్రోగ్రామ్‌ని లోడ్ చేసేది రీజియన్, దాని సొంత ఐడీతో. టెర్మినల్ దగ్గర కూర్చున్న యూజర్‌ని ప్రోగ్రామ్ క్లాస్ చూడదు. కాబట్టి అక్కడ ట్రాన్సాక్షన్ దగ్గరే ఆపాలి, టీసీఐసీఎస్‌టీఆర్‌ఎన్, జీసీఐసీఎస్‌టీఆర్‌ఎన్ క్లాసులతో. డీబీ2లో స్టాటిక్ ఎస్‌క్యూఎల్ (ప్రోగ్రామ్‌తో ముందే సిద్ధం చేసిన డేటాబేస్ ఆదేశాలు) అయితే యూజర్‌కి ప్యాకేజీ మీద ఎగ్జిక్యూట్ గ్రాంట్ ఒక్కటి చాలు, టేబుల్ మీద ఏ హక్కూ ఇవ్వక్కర్లేదు. ఇది ప్యాడ్స్ ఇచ్చే ఫలితమే, తలనొప్పి మాత్రం చాలా తక్కువ. డైనమిక్ ఎస్‌క్యూఎల్ (నడిచేటప్పుడు తయారయ్యేది) ఉంటే ఈ మాట వర్తించదు, మామూలు సెట్టింగులో అది నడిపే మనిషి హక్కులనే చూస్తుంది.

ఎగ్జిట్లు

ఐఈఎఫ్‌యూజేవీ గానీ జెస్2 ఎగ్జిట్ 6 గానీ అసెంబ్లర్‌లో రాసి, జేసీఎల్‌లో ఫలానా ప్రోగ్రామ్ పేరు ఉంటే జాబ్‌ని పడేసే పద్ధతి ఇది. జేసీఎల్‌లో ఐకేజేఈఎఫ్‌టీ01 (బ్యాచ్‌లో టీఎస్‌ఓ కమాండ్లు నడిపేది) పెట్టి లోపల కాల్ అని రాస్తే ఎగ్జిట్‌కి ఆ పేరే కనపడదు. రాసినవాళ్ళు రిటైరయ్యాక వెర్షన్ మారిన ప్రతిసారీ టెన్షన్. సెక్యూరిటీ కోసం కొత్తగా ఎగ్జిట్ రాయొద్దు. జాబ్ క్లాస్ నియమాలు, పేర్ల ప్రమాణాలు అమలు చెయ్యడానికి అయితే సరే.

మరి మీకు ఏది?

ఆడిట్ గడువు దగ్గరపడి, జాబితాలో ఉన్నవన్నీ సిస్టమ్ యుటిలిటీలే అయితే ప్రోగ్రామ్ క్లాస్, ఫెసిలిటీ క్లాస్ రెండూ కలిపి వాడండి, చాలు. చిన్న టీమ్ కూడా మోయగలదు.

బ్యాంకు, ఇన్సూరెన్స్, జీతాలు, అంటే మాస్టర్ ఫైళ్ళు వీశామ్ అనే ఫైల్ పద్ధతిలోనో సీక్వెన్షియల్‌గానో ఉండి బ్యాచ్ ద్వారా మారుతుంటే కష్టమైనా ప్యాడ్స్ పెట్టండి. పని ఎక్కువని మేనేజర్ వెనకాడితే ఒక్క ఫైల్‌తో, అన్నిటికంటే సున్నితమైనదానితో, మొదలుపెట్టి చూపించండి. అన్ని ఫైళ్ళకీ ఒకేసారి పెట్టాలని చూసి ఏదీ పూర్తికాని ప్రాజెక్టు కంటే జీతాల ఫైల్ ఒక్కటి నిజంగా భద్రంగా ఉండటం మేలు. అదే డేటా డీబీ2లో ఉంటే ప్యాడ్స్ జోలికి వెళ్ళకుండా ప్యాకేజీ దారి పట్టండి.

సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో ఉండి, కస్టమర్‌కి కోడ్ కనపడకూడదంటే ఎగ్జిక్యూట్ మాత్రమే. మాడ్యూల్‌ని మధ్యలో ఎవరూ మార్చలేదని కూడా నిరూపించాలంటే ర్యాక్‌ఎఫ్‌లో ప్రోగ్రామ్ సంతకం చెకింగ్ ఉంది, దానికి మాడ్యూళ్ళు పీడీఎస్‌ఈ రకం లైబ్రరీలో ఉండాలి.

ర్యాక్‌ఎఫ్ బదులు ఏసీఎఫ్2, టాప్ సీక్రెట్ వాడే షాపుల్లో ఉన్నవాళ్ళు (2018లో సీఏ కంపెనీని కొన్నాక ఇవి రెండూ బ్రాడ్‌కామ్‌వి అయ్యాయి) కమాండ్లు వేరైనా ఆలోచన ఇదే పెట్టుకోండి. ఏసీఎఫ్2 డేటాసెట్ రూల్‌లోనే పీజీఎమ్, లిబ్ అని రాసి ప్రోగ్రామ్ షరతు పెట్టొచ్చు. టాప్ సీక్రెట్‌లో పర్మిట్‌కి ప్రివ్‌పీజీఎమ్ జోడిస్తారు.

కొత్తగా చేరిన పిల్లలకి ఒక మాట. ఈ ప్రొఫైళ్ళు ఎలా పెట్టాలో నేర్చుకోవడం కంటే ముందు, ఐసీహెచ్408ఐ మెసేజ్‌లో క్లాస్ ఏది, అడిగిన హక్కు ఏది, ఉన్న హక్కు ఏది అని చదవడం నేర్చుకోండి. పర్మిషన్ ఇవ్వమని వచ్చే టికెట్లలో అసలు సమస్య వేరేచోట ఉండటం మామూలే. జవాబు మెసేజ్‌లోనే రాసి ఉంటుంది, అది చదవకుండా రీడ్ పారెయ్యకండి.

పెట్టే పద్ధతి

దారి ఏదైనా ముందు చూడండి, తర్వాతే ఆపండి. ఎస్‌ఎంఎఫ్ టైప్ 30 రికార్డుల్లో ఏ జాబ్ స్టెప్ ఏ ప్రోగ్రామ్‌తో నడిచిందో ఉంటుంది, కానీ లోపల్నుంచి పిలిచినవి అందులో కనపడవు. అవి కూడా తెలియాలంటే ప్రోగ్రామ్ ప్రొఫైల్‌ని యూఏసీసీ రీడ్‌తో పెట్టి, విజయవంతమైన యాక్సెస్‌లు కూడా రాసేలా ఆడిట్ ఆల్ ఇచ్చి టైప్ 80 రికార్డులు పోగుచెయ్యండి. ప్రోగ్రామ్ క్లాస్‌లో వార్నింగ్ మోడ్‌ని నమ్ముకోవద్దు. ఈ గమనింపులో కనీసం ఒక నెలాఖరు రావాలి, మన దేశపు బ్యాంకు అయితే మార్చి 31 కూడా వస్తే మంచిది, ఎందుకంటే ఏడాదికి ఒక్కసారి నడిచే జాబ్ ఉంటే అది ఆ రోజే బయటపడుతుంది. షెడ్యూలర్ ఏ ఐడీతో జాబులు పంపుతుందో దానికి పర్మిట్ ఉందో లేదో విడిగా చూసుకోండి.

ఆపే రోజు కూడా చూసి పెట్టుకోండి. రథయాత్రకో, రెండేళ్ళకోసారి వచ్చే బరంపురం ఠాకురాణి యాత్రకో టీమ్‌లో సగంమంది ఊరెళ్ళే వారంలో వద్దు. ఎమర్జెన్సీ ఐడీ ఒకటి ముందే తయారుచేసి, దాని వాడకమంతా లాగ్ అయ్యేలా పెట్టి, వేర్వేరు ఊళ్ళలో ఉన్న ఇద్దరి చేతిలో ఉంచండి.

ఏదైనా తేడా వచ్చి వెనక్కి తీసుకోవాల్సి వస్తే ఆ ప్రోగ్రామ్ ప్రొఫైల్ యూఏసీసీని రీడ్‌కి మార్చి వెన్ ప్రోగ్రామ్ రిఫ్రెష్ ఇవ్వండి. కంగారులో ప్రొఫైల్‌నే డిలీట్ చెయ్యొద్దు. దాని వెనక జెనరిక్ ప్రొఫైల్ ఏదీ ఆ లైబ్రరీని కవర్ చెయ్యకపోతే ఆ మాడ్యూల్ అన్‌కంట్రోల్డ్ అవుతుంది, అప్పుడు దాన్ని పిలిచే ప్యాడ్స్ జాబులన్నీ ఐసీహెచ్420ఐతో వరసగా పడిపోతాయి.